కొండమీది బీరుబట్టి, కొండమీది కల్లుకుండ

మద్యమును గూర్చి ప్రసంగమనగానే, అది త్రాగుడు మానుమని చెప్పు నీతిబోధ కాబోలునని మీరు తలపవచ్చును. నేను కల్లు గాని, సారా గాని, దొరల బీరు గాని ముట్టినవాడను కాను. ముట్టుమని ఒకరికి చెప్పువాడనును కాను. కాని నా పని చరిత్ర. ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు చరిత్రపాఠము చెప్పితిని. ఆ పుస్తకములలో రాజుల పేర్లు, యుద్ధముల తేదీలు ఉండెడివి. ఆ రాజ్యములలో జనులు ఏమి త్రాగిరి, ఆ త్రాగుడుపై ఎవరెంత పన్ను గొనిరి, ఆ పన్ను తుదకు ఏమి ఫలమిచ్చెను అను సంగతి మాత్రము ఉండెడిది కాదు. నేడు ఆ సంగతిని రెండు కొండల కథగా చెప్పెదను. ఒకటి హిమాలయపు దిగువ వరుసలలోని కసౌలి కొండ. రెండవది మన గోదావరి మన్యములోని రంపకొండ. ఒక కొండమీద బీరుబట్టి వెలసెను. రెండవ కొండమీద కల్లుకుండ కొరకు తుపాకులు ప్రేలెను. రెండింటిని ఏలినది ఒకే సర్కారు. ఇట్టి భేదము ఎట్లు కలిగెనో విచారించుటయే నా ఉద్దేశము.

మొదట కసౌలి కథ. ఇంగ్లీషువారు ఈ దేశమునకు వచ్చినప్పుడు వారి నాలుకలును వారితోనే వచ్చెను. తమ దేశమున యవలతో చేయు బీరు వారికి నిత్యపానీయము. మన దేశపు ఎండలో దానిని చేయుటకు వీలులేదు గనుక ఓడలమీద పీపాలతో తెప్పించుకొనెడివారు. 1869లో సూయజు కాలువ తెరవక పూర్వము ఓడలు ఆఫ్రికాఖండమును చుట్టి రావలసి యుండెను. ఆ ప్రయాణము నాలుగైదు మాసములు పట్టుచుండెను. దారిలో రెండుమార్లు భూమధ్యరేఖ దాటవలెను. అంతకాలము చెడకుండుటకై హాప్స్ అను చేదుపూవులు మిక్కుటముగా వేసి కాచిన ఒక తెల్లని బీరు ఈ వర్తకమున ప్రసిద్ధి కెక్కెను. దానికి ‘ఇండియా పేల్ ఏల్’ అని పేరు. మన దేశముపేరు పెట్టుకొన్న ఆ పానీయమును మన దేశస్థులు కంటితోనైనను చూచినవారు అరుదు.

దొరలు సీసాలు కొనగలరు. సామాన్య సిపాయి కొనలేడు. తెల్ల సిపాయికి బజారులో దొరకునది చవుక సారా. పటాలములలో దినమునకింత రమ్ము అని కొలిచి ఇచ్చుటయు కలదు. ఎండదెబ్బ, విషజ్వరము, కలరా, వానిపై ఈ సారా. ఇండియాలోని సైన్యపు ఆరోగ్యమును విచారించిన రాజసంఘము 1863లో నివేదిక ప్రకటించెను. అందు తేలిన లెక్క చూడుడు: తెల్ల సిపాయిలలో ఏటేట వేయింటికి 69 మంది చనిపోవుచుండిరి. యుద్ధమున చచ్చువారికంటె రోగమున చచ్చువారే పెక్కురు. 1857 తిరుగుబాటు పిమ్మట సర్కారువారు తెల్ల సిపాయిల సంఖ్యను పెంచిరి. ఇందరిని ఎండలో చంపుకొనుట కంటె కొండలమీద ఉంచుట మేలు, ఘాటైన సారాకంటె తేలికయగు బీరు మేలు అను ఆలోచన బలపడెను. కనుక కొండపట్టణము, బీరుబట్టి అను రెండును సైన్యపు అవసరముననే పెరిగినవి. విలాసము పిదప వచ్చినది.

బీరు చేయు విధానము మన పల్లెవారికి వింత కాదు. మన ఇండ్లలో రాగులు నానబెట్టి మొలకగట్టి ఎండబెట్టి పిండి విసరుట కలదు. తరవాణి కుండయు కలదు. ఈ రెండింటిని కలిపి ఊహించుకొనుడు. యవలను నీట నానబెట్టి, మొలక రాగానే పొయ్యి వేడిమిపై ఎండబెట్టుదురు. మొలకెత్తుటచే గింజలోని పిండి తీపిగా మారుటకు సిద్ధపడును. దానిని నలిపి వేడినీటిలో కలుపగా తీయని కషాయము దిగును. ఆ కషాయమును హాప్స్ పూవులతో మరిగించి, చల్లార్చి, ఈస్టు అను పులుపుమడ్డి వేసి కొన్నిదినములు ఉంచుదురు. ఈ చివరి ఘట్టమున చల్లదనము కావలెను. మంచుయంత్రములు లేని కాలమున బయలునేలపై వేసవియందు కుండ పెట్టినచో అది పులిసి పాడగును. కొండమీద గాలియే మంచుయంత్రము. రెండవ ముఖ్యవస్తువు నీరు. బీరులో నూటికి తొంబది పాళ్లకు పైగా నీరే గదా! ఊటనీరు స్వచ్ఛముగా, ఏడాది పొడుగునను పారుచోటనే బట్టి నిలుచును.

కసౌలి సుమారు 6,000 అడుగుల ఎత్తుననున్న చిన్న ఊరు. 1842లో అచట సైన్యపు దండు నెలకొల్పిరి. పిమ్మట 1900లో పిచ్చికుక్క కాటునకు మందు వేయు పాస్తరు సంస్థ ఆ ఊరనే స్థాపింపబడినది. ఆ కారణమున ఆ ఊరిపేరు దేశమంతట వినబడెను. అంతకు ఎంతయో ముందు ఎడ్వర్డు డయ్యరు అను ఇంగ్లీషువాడు అచటి ఊటనీరు చూచి, తన వారికి ప్రియమైన స్కాట్లండు నీటికి ఇది తీసిపోదని తలచి బట్టి పెట్టెను. ఆ కంపెనీవారు తమ పుట్టినయేడుగా చెప్పుకొనునది 1855. విలాయతినుండి తెచ్చిన రాగి పాత్రలను నదులలో పడవలపై, పిదప ఎడ్లబండ్లపై కొండకు చేర్చిరని చెప్పుదురు. పోటీకి నిలిచినది విలాయతి పీపా. అది సముద్రము దాటి, దేశము దాటి, కొండ యెక్కి రావలెను. కొండమీదనే కాచిన బీరు దానికంటె చవుకగా దొరకుట సహజము. బేరము సాగెను.

పిమ్మట కొండ వెంబడి కొండ. మరీ అను కొండపట్టణము రావల్పిండికి పైన, ఇప్పుడు పాకిస్తానములో నున్నది. 1860లో దాని సమీపమున ఘోరాగలి అనుచోట మరీ బ్రూవరీ ఏర్పడెను. డయ్యరు దానికి నిర్వాహకుడుగా నుండెను. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రదర్శనమున మరీ బీరునకు పతకము వచ్చెను. ఈ 1876 అను సంవత్సరమును జ్ఞాపకముంచుకొనుడు; దానితో ముందు పని కలదు. 1887లో మీకిన్ అను మరియొక బీరు వర్తకుడు సిమ్లా, కసౌలి బట్టీలను డయ్యరునొద్ద కొని, రాణిఖేత్, డల్‌హౌసి, చక్రాతా, డార్జిలింగు కొండలలోను బట్టీలు పెట్టెను. ఈ పేర్లన్నియు వేసవి విడిదులు, దండులు ఉన్న ఊళ్ల పేర్లే. దండు ఎచటనో బట్టి అచట. మన దక్షిణమునను ఇదే త్రోవ. 1915లో థామస్ లీష్‌మన్ అను స్కాట్లండువాడు దక్షిణదేశపు ఐదు చిన్న బట్టీలను ఒకటిగా చేర్చి యునైటెడ్ బ్రూవరీస్ కంపెనీని స్థాపించెను. దాని పీపాలును ముఖ్యముగా పటాలములకే పోయెడివి.

కసౌలి బట్టి కథలో నాకు మిక్కిలి బోధకరముగా తోచినది నీటి సంగతి. ఊరు పెరిగెను. దొరల బంగళాలు, పటాలపు బారకాసులు, ఆసుపత్రులు పెరిగెను. ఊటలు మాత్రము ఎన్ని యుండెనో అన్నియే. త్రాగు నీటికి, స్నానపు నీటికి, బీరునీటికి పోటీ వచ్చెను. తుదకు బట్టియే ఊరు విడువవలసి వచ్చెను. అందు బీరుపని సమీపమున ఊటలు సమృద్ధిగా నున్న సోలను ఊరికి మార్చిరి. కసౌలిలో సారా దించు పని మాత్రము నిలిచెను. 1903లో కాల్కానుండి సిమ్లాకు చిన్నరైలు పడిన పిమ్మట సోలను బట్టి గుమ్మముననే బండి ఆగుచుండెను. ఉద్యోగము విడిచిన పిమ్మట నేను సిమ్లాకు పోవుచు ఆ రైలులో కూర్చుంటిని. సోలను దాటిన కొంతసేపటికి ‘సోలన్ బ్రూవరీ’ అని ఒక స్టేషనుపేరు కనబడెను. దేవాలయము పేరిటను, నది పేరిటను స్టేషనులుండుట ఎరుగుదును. బీరుబట్టి పేరిట స్టేషనుండుట అచటనే చూచితిని. ఒక సర్కారు దేనిని గౌరవించెనో తెలిసికొనుటకు దాని స్టేషనుల పలకలు చదివినను చాలును.

ఈ బీరును త్రాగిన చోటులెట్టివి? అధికారులకు మెస్సు, క్లబ్బు. కసౌలి క్లబ్బు 1880లో ఏర్పడినది. ఆ కాలపు కొండ క్లబ్బులలో వడ్డించువారు, పంకా లాగువారు భారతీయులు. సభ్యులు మాత్రము సామాన్యముగా కారు. సిపాయిలకు పటాలపు క్యాంటీను. అచట బీరు కొలత చొప్పున, వేళ చొప్పున, పై అధికారి కనుసన్నలో దొరకును. బట్టికి లైసెన్సు కలదు, సీసాకు పన్ను కలదు, పతకమునకు ప్రశంస కలదు. త్రాగువాడు తన జీతములోనుండి పన్ను కట్టుచున్నట్లు తనకే తెలియదు.

ఇక ఆ హిమాలయములలోనే, ఆ క్లబ్బు దీపములకు ఆవల, కొండవారు త్రాగినదేమి? వారు బీరునకు దొరలవద్ద శిష్యరికము చేయలేదు. లాహూలు, స్పితి, లడఖు ప్రాంతములలో యవలను ఉడికించి, మందుబిళ్ల కలిపి పులియబెట్టి చాంగ్ అను పానీయము చేయుదురు. కుళ్లూ లోయలో బియ్యముతో లుగ్డీ చేయుదురు. డార్జిలింగు, నేపాళపు తూర్పుకొండలలో మన చోళ్లనే ఉడికించి పులియబెట్టి, ఆ గింజలను పెద్ద గొట్టములో నింపి, వేడినీరు పోసి, సన్నని వెదురుపుల్లతో పీల్చుదురు. నీరు తరిగినకొలది మరల పోయుదురు. ఆ పాత్రను, పానీయమును కలిపి తోంగ్బా అందురు. లింబూ జాతివారి ఇండ్లలో అతిథికి అది మర్యాద. ఈ పనులు చేయునది తరచుగా ఇంటి ఆడువారు. మందుబిళ్లలో కలుపు ఆకులు, వేళ్లు తల్లినుండి కూతురు నేర్చుకొనును. పెండ్లికి, చావునకు, గ్రామదేవత జాతరకు, నాట్లకు వచ్చిన కూలివారికి ఇదే పానీయము. అంగడి లేదు, పలక లేదు, వెల కూడ తరచుగా లేదు.

ఇచట ఒక ప్రాచీన గ్రంథమును తలచుకొనుట యుక్తము. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుడు అను అధికారి కలడు. మద్యమును చేయించుట, అమ్మించుట, త్రాగుచోటులను కనిపెట్టియుండుట అతని పని. అందు మేదకము, ప్రసన్నము, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని భేదములు చెప్పబడినవి. కౌటిల్యుడు మెత్తని ప్రభువు కాడు. ప్రతిదానిపైనను పన్ను గొనువాడు. అట్టివాడును ఉత్సవములు, సమాజములు, యాత్రలు జరుగునప్పుడు నాలుగు దినములు సురను చేసికొనుటకు అనుమతి ఇచ్చెను. ఔషధము మొదలగు అవసరములకు గృహస్థులు తెల్లసురను చేసికొనవచ్చు ననెను. అంగడిలో అమ్ము మద్యము వేరు, ఇంటిలో పండుగకు చేసికొను మద్యము వేరు అను విచక్షణ అతనికుండెను. ఆ విచక్షణ పోయినచో ఏమగునో మన రంపకొండ చెప్పును.

పర్షియను భాషలో ఆబ్ అనగా నీరు. పంజాబు అను పేరులో నున్నది ఆ ఆబే. ఆబ్కారి అనగా నీటివ్యవహారము. మాట మృదువైనదే గాని దాని చేయి కఠినమైనది. ఆబ్కారి పన్నులో కిటుకు ఒకటి కలదు. బీరుబట్టికి ఒక గుమ్మము కలదు. గుమ్మమువద్ద ఒక గుమాస్తాను కూర్చుండబెట్టి, పోవు పీపాలను లెక్కించినచో పన్ను వచ్చును. అతడు ఏ ఇంటిలోనికిని దూరనక్కరలేదు. చెట్టుకల్లునకు గుమ్మము లేదు. అది చెట్టుపైననే పులియును. మందుబిళ్ల అయినను అక్కరలేదు. పొద్దున దించినది సాయంకాలమునకు ఘాటెక్కును, మరునాటికి పుల్లనిదగును. నిలువ ఉంచరాదు, దూరము పంపరాదు. చెట్టున్నచోటనే త్రాగవలెను. అట్టిదానిపై పన్ను వేయవలెనన్నచో పన్నువాడు ప్రతి చెట్టు క్రిందికి రావలెను, ప్రతి కుండలోనికి తొంగిచూడవలెను. సర్కారు అంత దూరము రాలేదు గనుక గుత్తదారును పంపెను. గుత్తదారు తన నౌకర్లను పంపెను. మన్యపు కష్టమంతయు ఇచటనే పుట్టినది.

రంప అనునది గోదావరికి ఉత్తరమున, నేటి రంపచోడవరము పరిసరమున నున్న కొండసీమ. కొండరెడ్లు, కోయలు అచటి నివాసులు. ఊళ్లను కొన్ని కొన్నిగా చేర్చి ముఠాలనెడివారు, ముఠాకు ముఠాదారుడు. వారందరిపైన సర్కారు అంగీకరించిన మనసబుదారుడు ఒకడుండెను. ఆ అడవులలో జీలుగు చెట్టు సమృద్ధి. తాటిచెట్టువలెనే గెల గీసి కల్లు దింతురు. ధాన్యము తరిగిన వేసవి మాసములలో కొండవారికి జీలుగుకల్లు కడుపు నింపు ఆహారము కూడ. ఆ చెట్టు దూటనుండి తీసిన పిండిని కరవునాట అంబలి కాచుకొందురు. అనగా జీలుగు వారికి పాడియావు వంటిది. దానిపై పన్ను వేయుట మన పల్లెలలో మజ్జిగకుండపై పన్ను వేయుట వంటిది.

మనసబుదారుడు కల్లుపై చిగురుపన్ను అను పేర వసూలు చేయుచుండెను. అది చాలక, సర్కారు కొత్త ఆబ్కారి నిబంధనలను కొండకు ఎక్కించి, ఇంటివాడుకకు సైతము స్వేచ్ఛగా కల్లు గీయరాదని కట్టడి చేసి, హక్కును బయలునేలనుండి వచ్చిన గుత్తదారులకు పాడెను. గుత్తదారుని మనుష్యులు చెట్లు లెక్కించిరి, కుండలు పట్టుకొనిరి. మనసబుదారుడు తన పన్ను తాను వదలలేదు. పోలీసువారు తమ మామూలు తాము అడిగిరి. దీనికి తోడు వర్తకుల బాధ. కొండవానికి అప్పిచ్చి, వానికి తెలియని కాగితము వ్రాయించుకొని, దూరపు కోర్టులో వాడు లేకుండగనే డిక్రీ పొంది, వాని పశువులను జప్తు చేయించెడివారు. కోర్టు ఎచటనో, జవాబు ఏ భాషలో చెప్పవలెనో వానికి తెలియదు. గోడు చెప్పుకొనుటకు పైన మనసబుదారుడు, క్రింద పోలీసువాడు. ఇద్దరును ఆ పన్నులో పాలుగలవారే.

1879 మార్చి మాసమున కొండ లేచెను. చోడవరము ప్రాంతమున పోలీసులపై దాడి జరిగెను. అడ్డతీగల ఠాణా కాలిపోయెను. ద్వారబంధాల చంద్రయ్య, కారము తమ్మన్నదొర, అంబులురెడ్డి మొదలగువారు నాయకులు. తిరుగుబాటు రంపలో ఆగలేదు. విశాఖపట్టణపు గొలుగొండ కొండలకు, భద్రాచలము వైపున రేకపల్లెకు ప్రాకెను. సర్కారు మద్రాసు పదాతిదళములు ఆరింటిని, ఆశ్వికులను, సాపరులను, హైదరాబాదు సైన్యములోని భాగమును పంపవలసివచ్చెను. కొండదారులు తెలియని సిపాయిలు జ్వరములతో కూలిరి. 1880 ఫిబ్రవరిలో చంద్రయ్య చంపబడెను. ఆ వేసవిలో తమ్మన్నదొర కాల్చబడెను. పట్టువడినవారిలో పలువురిని అండమాను దీవులకు పంపిరి. ఆ సంవత్సరాంతమునకు కొండ చల్లబడెను.

తుదకు జరిగినదేమి? సర్కారు విచారణ చేయించి మనసబుదారుని తొలగించెను. ముఠాదారులతో నేరుగా ఒడంబడికలు చేసికొని, చిగురుపన్ను ఇక ఉండదని మాట ఇచ్చెను. మొదటనే ఇచ్చియుండవలసిన మాట అది. ఎన్ని గుడిసెలు కాలిన పిమ్మట, ఎందరు తల్లులు బిడ్డలను పోగొట్టుకొన్న పిమ్మట ఇచ్చెనో చూడుడు!

ఇప్పుడు 1876ను జ్ఞాపకము తెచ్చుకొనుడు. ఆ యేడు హిమాలయపు కొండబీరునకు విదేశమున పతకము. మూడేండ్లకు గోదావరి కొండకల్లు కొరకు సైన్యపు తుపాకి. త్రాగుడు చెడ్డదను తలంపుతో సర్కారు రంపలో కట్టడి చేసెనందుమా? అట్లయిన మరీలో, కసౌలిలో బట్టీలను ఏల పెంచెను? త్రాగుడు మంచిదను తలంపా? అట్లయిన జీలుగుకుండను ఏల పట్టెను? మంచి చెడ్డల విచారమే అందు లేదు. గుమ్మమున్న పానీయము సర్కారునకు ప్రియము. గుమ్మము లేని పానీయము నేరము. నేను చెప్పవచ్చిన మాట ఇంతియే.

డయ్యరు అను పేరు వినగానే మీలో చదువుకొన్న పెద్దలకు వేరొక సంగతి తోచియుండును. అది నిజమే. కసౌలి బట్టి స్థాపకుడైన ఎడ్వర్డు డయ్యరునకు 1864 అక్టోబరు 9న మరీలో జన్మించిన కుమారుడే రెజినాల్డు డయ్యరు. 1919 ఏప్రిలు 13న అమృతసరములోని జలియన్‌వాలా బాగులో నిరాయుధులగు జనులపై పది నిమిషములసేపు కాల్పులు జరిపించినవాడు అతడే. సర్కారు లెక్కకే మృతులు 379 మంది. తండ్రి వృత్తికిని కుమారుని కృత్యమునకును ముడి పెట్టుట న్యాయము కాదు. బీరు కాచిన చేయి తుపాకి పేల్చలేదు. కాని ఈ దేశపు కొండగాలిలో పుట్టి, ఈ దేశపు ఊటనీరు త్రాగి పెరిగినవాడును ఈ దేశస్థులను తనవారిగా చూడలేకపోయెనే అని నాకు ఆశ్చర్యము. కొండమీద కట్టిన ఆ పట్టణములు ఎట్టి గోడలతో కట్టబడినవో దీనివలన కొంత ఊహింపవచ్చును.

మన్యమునకు మరల వత్తము. రంప తిరుగుబాటునకు నలువది మూడేండ్ల పిమ్మట, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాపై దాడి వెడలెను. అతని వెంట నడిచినవారు ఆ కొండల జనులే. ఆ జనులకే అతడు ముందుగా బోధించినది ఏమి? కల్లు మానుడు, కోర్టులకు పోకుడు, తగవులను మీ పంచాయతులలో తీర్చుకొనుడు అని. తాతలు కల్లు హక్కుకొరకు ప్రాణములిచ్చిరి. మనుమలు కల్లు మానుమన్న నాయకుని వెంట ప్రాణములిచ్చిరి. ఇది విరుద్ధమని తోచవచ్చును. నాకు విరుద్ధముగా తోచదు. మా కుండలోనికి పైవాడు తొంగిచూడరాదు అని తాతలు అనిరి. మా కుండను మేమే దించెదము అని మనుమలు అనిరి. రెండు మాటలకును మూలమొకటే: మా ఇంటి పానీయమును గూర్చి నిర్ణయించువారము మేము.

ఇది పాతకాలపు సంగతి మాత్రమే కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొన్న ఆడువారు తమ ఊరి సారాయంగడిని మూయించిరి. ఆ నిప్పు జిల్లాలన్నిటికి ప్రాకెను. ఊరూర సారాపాటలను ఆడువారు అడ్డగించిరి. 1993 అక్టోబరులో సారాపై నిషేధము వచ్చెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. పైనుండి వచ్చిన ఆ సంపూర్ణ నిషేధము 1997లో సడలిపోయినది. బొక్కసమునకు గుమ్మపు రాబడి కావలసివచ్చినది. ఊరి ఆడువారు కలసికట్టుగా మూయించిన అంగడి మాత్రము అంత సులువుగా తెరచుకొనదు.

హిమాలయపు బట్టీలు తుదకు ఏమైనవి? మొదటి ప్రపంచయుద్ధము తరువాత డయ్యరు, మీకిన్ కంపెనీలు కలిసెను. 1949లో నరేంద్రనాథ్ మోహన్ అను భారతీయుడు దానిని కొనెను. పిదప అది మోహన్ మీకిన్ అను పేర వ్యవహరింపబడినది. ఘోరాగలి బట్టి 1947 దేశవిభజన అల్లరులలో కాలిపోయెను. దానికి పూర్వమే పని రావల్పిండికి మారియుండెను. పాకిస్తానములో 1977లో ముస్లిములకు మద్యము నిషేధించినను మరీ కంపెనీ నిలిచియే యున్నది. దొరలు పోయిరి, కంపెనీలు చేతులు మారెను, గుమ్మము మాత్రము నిలిచెను. నేడు బెంగుళూరు, హైదరాబాదు వంటి నగరములలో భోజనశాలయందే చిన్నబట్టి పెట్టి, అచటనే బీరు కాచి, అచటనే పోయుట వేడుకగా సాగుచున్నది. కాచినచోటనే త్రాగుట కొత్త నాగరికత యని యువకులు అనుకొందురు. జీలుగుచెట్టు క్రింద కొండరెడ్డి ఎన్ని తరములనుండియో చేయుచున్నది అదియే గదా! ఒకనికి లైసెన్సు, దీపములు. ఒకనికి నాడు జప్తు, జైలు.

గ్రామపెద్దలకు నా మనవి ఒకటి. మీ ఊరికి అంగడి పాటదారు వచ్చినను, కుండలు పగులగొట్టు జవాను వచ్చినను, అది మంచిదా చెడ్డదా అను ప్రశ్నకు తోడు మరి రెండు ప్రశ్నలు వేయుడు: దీనివలన వచ్చు రాబడి ఎవరికి? దీనిని నిర్ణయించునప్పుడు మా ఊరి ఆడువారిని, మా ఊరి పేదలను ఎవరైనను అడిగిరా? ఈ రెండు ప్రశ్నలను 1879కి ముందు రంపకొండలో ఎవడైన అధికారి వేసియుండినచో ఆ కొండ రక్తము చూడకపోయెడిది. చరిత్ర చదివినందుకు మనకు దక్కు ఫలము ఆ ప్రశ్నలను ముందుగా వేయనేర్చుటయే.